ఛాయా షేర్లు, ఓనరమ్మ చెయ్యి

ఈ కబురు మొదట నా చెవిన వేసింది మా ఇంటి ఓనరమ్మ. ఆమెకు మనసులో దండం పెట్టుకుని ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను.

ఎనభైలలో దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్సులు తిరిగే రోడ్డుకు కాస్త లోపలగా, ఆమె ఇంటి వెనక పోర్షన్‌లో మేము కిరాయికి ఉండేవాళ్ళం. నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చి ఆ రెండు గదుల్లో దిగాం. చుట్టూ ఎటు చూసినా ఇసుక కుప్పలు, సెంట్రింగు కర్రలు, సగం లేచిన గోడలు. ఆరేసిన బట్టల మీద సిమెంటు, వండిన అన్నం మీద బోరు దుమ్ము. అయినా తలమీద కప్పు ఉంది, పొయ్యి మీద కుండ ఉంది. దేవుడు ఏ లోటూ చేయలేదు.

ఆ రోజు పొద్దున నేను తులసి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే ఓనరమ్మ వచ్చింది. నోట్లో వక్క ఎప్పుడూ ఉండేది. ముఖ్యమైన మాట చెప్పేముందు దాన్ని ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మార్చుకునేది.

“బిడ్డా, మీ ఆయన ఇగ నౌకరి జేసుడు గాదట. ఓనరయితుండట” అంది.

“ఏ ఇంటికమ్మా?” అన్నాను. ఓనరు అన్న మాట అప్పటికి మాకు ఇళ్ళకే వాడుక.

“ఇంటికి గాదు పిల్లా, కంపెనీకి. మా తమ్ముడు అందరికి షేర్లు పంచుతుండట. నాకేమో భూమి తీస్కోని కాయితాలిచ్చిండు. మీకు కాయితాలు గూడ లేకుంట ఇస్తడట. ఏమాయెనో వానికి!”

ఆమె తమ్ముడంటే ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక, విజయవాడ రోడ్డు పక్కన బోరు మోటార్ల ఫ్యాక్టరీ పెట్టినాయన. మా ఆయన అందులో స్టోరు చూసేవాడు. వాళ్ళది అక్కడి పాత ఊరి పటేళ్ళ ఇల్లు. జొన్న చేలన్నీ కాలనీలైపోతుంటే ఆయన కొన్ని అమ్మి, ఆ డబ్బుతో ఫ్యాక్టరీ కట్టి, ఆ చేలల్లోనే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు మోటార్లు అమ్మాడు. ముందు నేల అమ్మి, తర్వాత ఆ నేల కింది నీళ్ళు పైకి తెచ్చే యంత్రం అమ్మడం! అంత తెలివి దేవుడు అందరికీ ఇవ్వడు. ఓనరమ్మకు పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు, ఉన్న ఒక్క దిక్కు ఈ తమ్ముడే. తండ్రి ఆమెకు ఇస్తానన్న పొలం మీదనే ఫ్యాక్టరీ లేచింది. తర్వాత కంపెనీని పబ్లిక్ చేసి, జనానికి షేర్లు అమ్మినప్పుడు, ఆమె పొలానికి బదులు ఆమెకు కూడా ఒక కట్ట షేర్లు ఇచ్చాడు. ఆమె వాటిని చీరెల పెట్టె అడుగున వేసి మరిచిపోయింది.

మా పొయ్యి ఆ ఫ్యాక్టరీ మీదనే వెలిగేది. అది మూతపడి ప్లాట్లు కాబోయి ఎట్లా ఆగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఏడు దసరాకు ఫ్యాక్టరీలో ఆయుధపూజకు ఆడవాళ్ళను కూడా పిలిచారు. మిషన్లకు పసుపు బొట్లు, మోటార్లకు బంతిపూల దండలు. ఏటా పూజ అయ్యాక బోనసు కవరు ఇచ్చేవారు. ఆ ఏడు కవర్లకు బదులు మైకు వచ్చింది. ఓనరమ్మ తమ్ముడు, అంటే ఎండీ సాబ్, లేచాడు. కంపెనీ పబ్లిక్ కాకముందు ఆయన్ని అందరూ ‘పటేలా’ అని పిలిచేవారు. ఇకమీదట ‘ఎండీ సాబ్’ అనాలని గోడ మీద నోటీసు అంటించారు. పాతవాళ్ళు ఎవరినీ నొప్పించకుండా ‘ఎండీ పటేలా’ అని సర్దుకున్నారు.

“ఇయ్యాల్టి సంది మీరు నౌకర్లు గారు. మీరు గూడ ఓనర్లే. ఎట్లనో మన ఆడిటరు గారు చెప్తరు” అన్నాడు.

ఆడిటరు గారు కోస్తా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడినాయన. బంగారు ఫ్రేము కళ్ళజోడు, నెమ్మది మాట.

“చూడండీ, అసలు షేరుకి బజారులో ఒక ధర ఉంటుంది. మీకిచ్చేది ఛాయా షేరు. అసలు షేరు ధర పెరిగితే, ఆ పెరిగిన మేరకు, గడువు తీరాక కంపెనీ మీకు డబ్బిస్తుంది. మీరు పైసా పెట్టక్కర్లేదు. పరాయి దేశాల్లో పెద్ద పెద్ద కంపెనీలు ఇలాగే చేస్తున్నాయండీ.”

మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగు మేస్త్రి చెయ్యెత్తాడు. “షేరు కాయితం మా చేతికొస్తదా సార్?”

“రాదండీ.”

“మీటింగుల ఓటుంటదా?”

“ఉండదండీ.”

“ఏడాదికింత లాభం పంచుతరు గద, గది?”

“అది అసలు షేర్లకండీ. అద్దంలో మీ మొహం కనిపిస్తుందా, లేదా? ఆ మొహం మీదేనా, కాదా? ఇదీ అంతే.”

“నాదే సార్. గని అద్దంల మొకానికి బువ్వ వెట్టలేం గద!”

అందరూ నవ్వారు. ఎండీ సాబ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. వెనక నుంచి ఎవరో, “బోనసు సంగతి పటేలా?” అన్నారు.

“ఓనర్లకు బోనసేంది భాయ్? బోనసు ఇచ్చేటోళ్ళను ఓనర్లంటరు” అన్నాడాయన. దానికి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. మా ఆయన కూడా కొట్టాడు. ఆ చప్పట్లతో ఆ ఏటి బోనసు తీరిపోయింది.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక పట్టించి, పురాణాలు చదివించాడు. కాబట్టి ‘ఛాయ’ అనగానే నాకు సూర్య భగవానుడి కథ గుర్తొచ్చింది. ఆయన వేడి తట్టుకోలేక భార్య తన నీడను ఇంట్లో పెట్టి పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఆయన ఆ నీడతోనే కాపురం చేస్తాడు, ఏమీ తెలియదు. ఇంటికి వచ్చాక మా ఆయనకు మంచి మనసుతోనే ఈ కథ గుర్తు చేశాను.

“ఛాయకు పుట్టింది శని భగవానుడు గదా” అన్నాను.

“పండుగ పూట గవేం మాటలు? నీకు పురాణం దప్ప ఏం దెల్వదు” అన్నాడు. నిజమే, తెలియదు. శనివారం గుళ్ళో నవగ్రహాల చుట్టూ ఆయన పేరున కూడా తిరిగి వచ్చాను.

ఛాయా షేర్లకు గుర్తుగా లక్ష్మీదేవి బొమ్మ అచ్చేసిన ఒక అట్ట ఇచ్చారు. ఎవరికెన్ని ఛాయలో దాని మీద రాసి ఉంటుంది. మా ఆయన దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల మధ్య పెట్టమన్నాడు. నేను ఇంకాస్త కిందికి, గడియారం పక్కన వేలాడదీశాను. దీపం వెలుతురు దాని మీద కూడా పడేది. దీపానికి భేదం లేదు.

ఆ తర్వాత మా మగవాళ్ళను చూడాలి! ఓనర్లు అయ్యాక నడక మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు. ఫ్యాక్టరీలో ఎవరూ లేని గదిలో బల్బు వెలుగుతుంటే ముగ్గురు పరుగెత్తుకెళ్ళి ఆర్పేవారు. టీ రెండోసారి అడిగినవాణ్ణి, “ఏం రా, నీ అయ్య సొమ్మా?” అని మిగతా ఓనర్లు నిలదీసేవారు. పొద్దుపోయేదాకా పనిచేస్తే అదనంగా ఇచ్చే కూలి అడగడం మానేశారు, సొంత కంపెనీకి కూలి అడుగుతామా అని. ఎల్‌బీ నగర్ బస్సులో కండక్టరు చిల్లర లేదంటే మేస్త్రి, “ఉంచుకో భాయ్, మాకు కంపెనీ ఉన్నది” అన్నాడట. కండక్టరు నిజంగానే ఉంచుకున్నాడు.

ఒక్కటే పరేషాన్. ధర కదలదు.

దిల్‌సుఖ్‌నగర్ ఇరానీ హోటల్లో పొద్దున్నే వీళ్ళంతా ఒకే పేపరు చుట్టూ మూగేవారు. షేర్ల పేజీలో పెద్ద పెద్ద కంపెనీలు, వాటి ఎదురుగా అంకెలు. ఒక చివరన, కనపడీ కనపడని అక్షరాల్లో మా కంపెనీ. దాని ఎదురుగా ఎప్పుడూ ఒక అడ్డగీత. ఎండలు వచ్చాయి, వానలు వచ్చాయి, గీత గీతే. చివరికి మా ఆయన, మేస్త్రి కలిసి కోఠీలో షేర్లు కొని అమ్మిపెట్టే బ్రోకరును కలిశారు.

“ఎవరు కొంటలేరు, ఎవరు అమ్ముతలేరు. ధర ఎట్ల కదుల్తది? గా కంపెనీ ఒకటున్నదని మీకు దప్ప ఎవరికెర్క?” అన్నాడట ఆయన.

వేరేవాళ్ళయితే నీరసపడి ఇంటికి వచ్చేవారు. మావాళ్ళు ఉపాయంతో వచ్చారు.

“ధర పెరగాలంటే ఎవరో ఒకరు కొనాలె” అన్నాడు మా ఆయన అన్నం ముందు కూర్చుని.

“ఎవరు కొంటరు?”

“మనమే.”

“మనకున్నయి గదా?”

“గవి ఛాయావి. మనం అసలువి కొంటుంటే వాటి ధర పెరుగుతది. గప్పుడు ఛాయావి పెరుగుతయి.”

నేను పప్పు వడ్డించడం ఆపాను. “అసలువి కొన్నంక, అసలువి మన దగ్గర ఉంటయి గదా? మళ్ళ ఛాయావి ఎందుకు?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “నీకు సమజ్ గాదు. మనకు కంపెనీ ఇచ్చినవి ఛాయావి. అసలువి ఉత్తగ ధర పెంచనీకె” అన్నాడు.

అందులో ఒక చిక్కు ఉంది. ఛాయా షేర్లున్న ఉద్యోగి అసలు షేర్లు కొనకూడదని ఆడిటరు గారు నియమం పెట్టారు. సరిగ్గా ఇట్లాంటి పని చేస్తారనే పెట్టి ఉంటారు. మావాళ్ళు దానికి చిటికెలో విరుగుడు కనిపెట్టారు. ప్లాటు కొన్నా, పాస్‌బుక్కు తెరిచినా భార్య పేరున పెట్టడం అలవాటే కదా. అసలు షేర్లన్నీ ఆడవాళ్ళ పేరున కొనాలని తీర్మానించారు.

గుట్ట మీది నరసింహస్వామికి కల్యాణం చేయిద్దామని నేను కొంత దాచాను. ఆయన అది అడిగితే ఇచ్చాను. స్వామి ఓపిక గలవాడు. మేస్త్రి భార్య చిట్టీ ఎత్తింది. ఇంకొకామె బర్రెను అమ్మింది. సంతకాలు వచ్చినవాళ్ళు సంతకాలు, రానివాళ్ళు వేలిముద్రలు. షేర్ల కాయితాలు రాగానే మగవాళ్ళు వాటిని పప్పు పొట్లం కట్టిన కాయితాల్లా మా చేతుల్లో పడేశారు. “గివి నువ్వే పెట్టుకో” అన్నాడు మా ఆయన. ఛాయ గోడ మీద ఫ్రేములో ఉంది. అసలువి మాత్రం బియ్యం డబ్బా కింద పెట్టాను.

మరి ధర కదిలింది! అడ్డగీత పోయి అంకె వచ్చింది. ఆ రోజు ఇరానీ హోటల్లో అందరికీ సమోసాలు. మళ్ళీ కొన్నారు, మళ్ళీ పెరిగింది. నిన్నటి కంటే ఎక్కువ పెట్టి కొన్నందుకు మా ఇంటికి మిఠాయి వచ్చేది. నేను వంకాయలు అట్లా కొనుక్కొచ్చి ఉంటే ఆయన ఏమనేవాడో, అడగలేదు.

మేం కొంటున్న షేర్లు ఎవరు అమ్ముతున్నారని ఒక్కరికీ తట్టలేదు. ఆ సంగతి కూడా ఓనరమ్మే చెప్పింది. ఎండీ సాబ్ కొత్త కారు కొన్నాడు. దానికి నిమ్మకాయలు కట్టించి అక్కకు చూపించడానికి తెచ్చాడు. ఆయన వెళ్ళాక ఆమె నా గుమ్మం దగ్గర కూర్చుని వక్క బుగ్గ మార్చింది.

“ఎవరో పిచ్చోళ్ళు కోఠీల మన షేర్లు ఎగవడి కొంటున్నరట బిడ్డా. మావోడు తన దాంట్ల నుంచి కొన్ని అమ్మి గీ కారు దెచ్చిండట.”

కారు బాగుంది. అందులో మా స్వామి కల్యాణం పైసలతో వచ్చిన చక్రం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఎక్కినవాళ్ళను చల్లగా చూడమని దండం పెట్టుకున్నాను.

ఇంతవరకు నవ్వుకునే మాటలే. తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆయన పని మధ్యలో ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు. చెప్పులు కూడా విప్పలేదు.

“కంపౌండుల తెల్ల రాళ్ళు పాతిండ్రు” అన్నాడు.

కాలనీల్లో ఉన్నవాళ్ళకు తెల్ల రాయి అంటే వేరే చెప్పాల్సిన పని లేదు. చేను చచ్చి ప్లాటు పుట్టిన చోట సున్నం పూసిన ఆ రాయి ఉంటుంది. స్టోరు కిటికీ కిందనే ఒకటి పాతారట. ఎల్‌బీ నగర్ చుట్టూ భూమి ధరలు ఎక్కడికో పోయాయి. మోటార్లు తయారుచేసి అమ్మడం కంటే, వాటిని తయారుచేసే స్థలం అమ్మడం లాభమని ఎండీ సాబ్‌కు, ఆడిటరు గారికి తోచింది. ఫ్యాక్టరీ మూసేస్తారు. మళ్ళీ అల్మాస్‌గూడ దిక్కు ఎప్పుడైనా పెడదామన్నారట. ఎప్పుడో చెప్పలేదు.

“మరి ఛాయా షేర్లు?” అని మేస్త్రి అడిగాడట.

“కంపెనీయే లేకపోతే ఛాయ ఎక్కడ పడుతుందండీ?” అన్నారట ఆడిటరు గారు, ఎంతో మర్యాదగా.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. “నలభై దాటినోనికి ఎవడిస్తడే నౌకరి?” అని ఒక్కమాట అన్నాడు. గోడ మీది ఫ్రేము వైపు చూడలేదు. నేనూ చూడలేదు. నేను పోయి దేవుడి ముందు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. ఊరికే కూర్చున్నాను.

దేవుడు పోస్టుమాన్‌ను పంపాడు. స్థలం అమ్మాలంటే షేర్లున్నవాళ్ళను పిలిచి, మీటింగు పెట్టి, వాళ్ళు సరేననాలట. అది చట్టం. నోటీసు షేర్లున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది. అంటే మా ఆడవాళ్ళ పేర్లకు వచ్చింది. ఓనరమ్మకు కూడా వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని వచ్చి మా ఆయనతో చదివించుకుంది. ఆయన ఆమెది చదివాడు, నాది చదివాడు. తర్వాత తనదాని కోసం వెతుక్కున్నాడు.

“మాకు రాలే” అన్నాడు మెల్లగా.

ఓనరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్విన నవ్వుకు నోట్లో వక్క కింద పడింది. “ఓనర్లకు పిలుపు లేదు, ఓనర్ల పెండ్లాలకు పిలుపొచ్చిందా! ఏం కంపెనీరా నాయినా!”

నేను మాత్రం నవ్వలేకపోయాను. “అమ్మా, మేం పోవచ్చునా?” అని అడిగాను.

“పిలిచినప్పుడు పోవాలె బిడ్డా. పిలువని కాడికి పోవద్దు గని.”

“మీరు ఏమంటరు మీటింగుల?”

ఆమె నవ్వు ఆపి లేచింది. “వాడు నా తమ్ముడు” అంది. నోటీసు మడిచి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మీటింగు ఫ్యాక్టరీ షెడ్డులోనే. అంతకు ముందు ఏళ్ళలో ఎండీ సాబ్, ఆయన బావమరిది, ఆడిటరు గారు, నాలుగు టీ కప్పులు కలిస్తే మీటింగు అయిపోయేదట. ఆ రోజు మేము పది మందికి పైగా ఆడవాళ్ళం ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర బస్సు దిగి వరసగా నడిచి వెళ్ళాం. చేతిసంచుల్లో షేరు కాయితాలు. నా సంచిలో కొబ్బరికాయ, పసుపు కుంకుమ కూడా. ఏ పనికైనా అవి లేకుండా నాకు కాళ్ళు ఆడవు. మగవాళ్ళు మా వెనకే వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళను ఆపాడు. అతనూ ఛాయా ఓనరే.

“షేర్లున్నోళ్ళనే రానియ్యమన్నరు” అన్నాడు.

“మాకు లేవారా? నీకు లేవా?” అన్నాడు మేస్త్రి.

“నాకు గూడ గట్లాంటివే ఉన్నయన్న. అందుకే నేను గూడ బయటనే నిలవడ్డ.”

లోపల మమ్మల్ని చూసి ఎండీ సాబ్ ముఖం అదోలా అయింది. ఆడిటరు గారు మా కాయితాలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కోఠీలో ఎగబడి కొన్న పిచ్చివాళ్ళు ఎవరో అప్పుడు వాళ్ళకు తెలిసింది. ఓనరమ్మ కూడా వచ్చింది. “నీకెందుకక్కా కష్టం, ఇంటికాడ ఉండకపోయినవా?” అని తమ్ముడు తన పక్కన కుర్చీ వేయించాడు. ఆమె కూర్చుంది.

ఆడిటరు గారు ఇంగ్లీషులో ఏదో చదివారు. మేస్త్రి భార్య గొంతు పెద్దది. “తెలుగుల చెప్పు సారూ, మేం మీ లెక్క సదువుకోలే” అంది.

“ఈ స్థలం అమ్మడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తాలండీ.”

ఎండీ సాబ్, బావమరిది, ఇంకో ఇద్దరు చేతులెత్తారు.

“ఒప్పుకోనివాళ్ళు?”

మాకు చేతులెత్తడం అలవాటు లేదు. బట్టలు ఆరేయడానికి, అటక మీది డబ్బా దించడానికి తప్ప ఎప్పుడూ ఎత్తలేదు. ముందు మేస్త్రి భార్య ఎత్తింది. తర్వాత బర్రెను అమ్మినామె. కొంగు సర్దుకుని నేనూ ఎత్తాను. గాజుల చప్పుడు షెడ్డంతా వినబడింది. ఓనరమ్మ రెండుసార్లూ చెయ్యి ఎత్తలేదు.

ఆడిటరు గారు చిరునవ్వు నవ్వారు. “చేతులు ఎక్కువున్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఎండీ గారు తలల లెక్క కాకుండా షేర్ల లెక్క కోరుతున్నారండీ. ఎవరికి ఎన్ని షేర్లుంటే అంత బలం.” లెక్క వేశారు. మా అందరివీ కలిపితే ఒక చిన్న గుట్ట. ఎండీ సాబ్‌వి అంతకు చాలా ఎక్కువ. కానీ ఒకప్పుడు సగానికి మించి ఉండేవి, కారు కొన్నాక సగం కంటే తగ్గిపోయాయి. అప్పుడు అందరి చూపూ ఆయన పక్క కుర్చీ మీదికి వెళ్ళింది. పొలానికి బదులు ఇచ్చిన ఆ కట్ట ఎటు పడితే అటు.

“అక్కయి నా దిక్కే. రాసుకోండి” అన్నాడు ఎండీ సాబ్.

ఆడిటరు గారు కలం పెట్టబోయారు.

“రాసుకునుడు ఆపు జర” అంది ఓనరమ్మ.

వక్క ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మారింది.

“తమ్మీ, గీ పొలం నాయిన నాకిస్తనన్నడు. ఫ్యాక్టరీ వెడ్త, నలుగురికి పనిస్త, భూమి అమ్మను అని చెప్పి నాతోటి వేలిముద్ర వెట్టిచ్చుకున్నవు. ఫ్యాక్టరీ కోసమని ఇచ్చిన. ప్లాట్లే అయితే నేనే అమ్ముకుందును గదరా. నడుమ నువ్వెందుకు?”

“అక్కా, నీకు గూడ పైసలొస్తయి గదనే! ఈ కాయితాలకు రానన్ని ఒస్తయి.”

“ఒస్తయి. నాకెర్కే” అంది. అని చెయ్యి ఎత్తింది. సన్నటి చెయ్యి, ముడతల మీద పచ్చబొట్టు. ఆడిటరు గారు చూసినా దించలేదు. ఆయన రాసుకున్నంతసేపూ ఎత్తే ఉంచింది.

కంపెనీ స్థలం అమ్మకం ఆగిపోయింది. నేను కొబ్బరికాయ కొట్టి అందరికీ ముక్కలు పంచాను. ఆడిటరు గారికి కూడా ఇచ్చాను. కళ్ళకు అద్దుకుని తిన్నారు. ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలినే. ఛాయా షేర్లు ఆయన కనిపెట్టకపోతే, ఉద్యోగులు అసలువి కొనరాదని నియమం పెట్టకపోతే, మా ఆడవాళ్ళం ఆ షెడ్డులోకి అడుగుపెట్టేవాళ్ళమే కాదు. బయట గోడ నీడన నిలబడ్డ మా ఓనర్లకు కబురు చెబితే మేస్త్రి ఏడ్చాడు. మా ఆయన నా చేతిలోని సంచి తీసుకుని తానే మోశాడు. చౌరస్తా వరకు మోశాడు.

ఆ తర్వాత మళ్ళీ కొనేవాళ్ళు లేక ధర పడిపోయి, పేపర్లోకి అడ్డగీత తిరిగి వచ్చింది. ఛాయా షేర్ల గడువు తీరిన నాడు చివరి ధర, వాటిని మాకు ఇచ్చిన నాటి కంటే తక్కువలో ఉంది. “ఆ తగ్గింది మేం కట్టాల్నా సార్?” అని మేస్త్రి భయపడ్డాడు. ఆడిటరు గారు అక్కర్లేదన్నారు. అందుకు కూడా కృతజ్ఞులమే. అసలు షేర్ల మీద మాత్రం ఏడాదికి ఇంత అని నా పేరున వచ్చేది. పెద్ద మొత్తం కాదు. ఆ పెద్ద బజారులో మా కంపెనీని ఎవరూ ఎన్నడూ పట్టించుకోలేదు. ఎవరి కంటా పడకుండా మోటార్లు చేసుకుంటూ, మా ఆయన రిటైరయ్యేదాకా నడిచింది.

ఓనరమ్మ కిరాయిదార్లు పోతారనే అట్లా చెయ్యి ఎత్తిందని కొందరు అన్నారు. అయి ఉండవచ్చు. ఆమె పోర్షన్లలో ఉన్నది ఫ్యాక్టరీవాళ్ళమే కదా. నేను ఆ లెక్కలోకి పోను.

కానీ దాని ఖరీదు నేను కళ్ళారా చూశాను. అంతవరకు ప్రతి బతుకమ్మకూ ఆమె తమ్ముడు వచ్చి, చీర పెట్టి, పుట్టింటికి తీసుకుపోయేవాడు. ఆ ఏడు రాలేదు. మొదటి రోజు ఆమె తలంటుకుని, పెట్టె సర్దుకుని అరుగు మీద కూర్చుంది. “పనుల మీద ఉన్నడేమో” అంది. రెండో రోజూ కూర్చుంది. చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మా వాకిట్లోనే మాతో కలిసి తంగేడు, గునుగు పూలు పేర్చింది. మేం పాడుతుంటే చప్పట్లు మాత్రం చరిచింది. మరుసటి ఏడూ రాలేదు. అతని గురించి ఒక్క చెడ్డ మాట ఆమె నోట వినలేదు. తాను చేసింది తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. పుట్టింటి నుంచి చీర ఆమెకు మళ్ళీ వచ్చింది ఒక్కసారే. పోయిననాడు తమ్ముడు తెచ్చి కప్పాడు. పట్టుచీర. మా ఆడవాళ్ళం తలా ఒక చెయ్యి వేసి సర్దాం.

ఇది చదివిన అమ్మలను, అక్కలను ఒకటే కోరుతున్నాను. మీ వాకిట్లో బతుకమ్మ పేర్చేటప్పుడు ఒక్క తంగేడు పువ్వు ఆమెను తలుచుకుని పెట్టండి. పేరు తెలియదే అనుకోకండి, మా ఓనరమ్మ అనుకోండి, చాలు. మా పొయ్యిలు ఆరిపోకుండా చెయ్యి ఎత్తి, పుట్టిల్లు పోగొట్టుకున్న మనిషి ఆమె.